రంగు తిరగని నీళ్ళు

"పోతే పోయింది వదినా, ఇరవై రూపాయల చేప. తీసేసి ఇంకోటి వేసుకుంటే సరిపోలా!" అన్నాడు మా మరిది పొద్దున ఫోన్లో. ఆ మాట పంటి కింద రాయిలా ఇప్పటిదాకా నలుగుతూనే ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఎయిర్ పంపు గుడగుడమంటోంది. నిద్ర రావట్లేదు.

చేప చావలేదు, ముందే చెప్పేస్తున్నా. జీబ్రా చేపల్లో ఒకటి పొద్దుటి నుంచీ నీటి పైభాగానే నిలబడి గబగబా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మొప్పల పక్కన ఎర్రగా కందినట్టుంది. తెచ్చినవాడు అతనే కదా అని ఫోన్ చేశాను. చిన్నదాని పుట్టినరోజుకి ట్యాంకు, రాళ్ళు, ఫిల్టరు, చేపలు అన్నీ ఒకే ఆటోలో దిగాయి. పొద్దున నీళ్ళు పోయడం, మధ్యాహ్నం కేకు కోసేలోపు చేపల్ని వదిలేయడం. రెండడుగుల ట్యాంకు, ఓ 55 లీటర్లు పడుతుంది. జీబ్రాలు చాలవన్నట్టు అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు. అవి తినేదీ ఎక్కువే, వదిలేదీ ఎక్కువే.

షాపతన్ని అడిగితే ఏమన్నాడో వినండి. "వారానికోసారి నీళ్ళు మొత్తం మార్చేయండి మేడమ్, స్పాంజిని కుళాయి కింద పెట్టి బాగా పిండి కడగండి, ఈ నీలం మందు నాలుగు చుక్కలు వేయండి." మూడు సలహాలు, ఒకదాన్ని మించి ఒకటి. చేప మొప్పల్లోంచి వదిలే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్ళి వచ్చే అమ్మోనియా, వీటిని తినే సూక్ష్మజీవులు ముందు పుట్టాలి. అవి దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. దాన్ని నైట్రేటుగా మార్చడానికి ఇంకో జాతి రావాలి. ఈ రెండు సంసారాలూ కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి కాపురం పెట్టేది నీళ్ళలో కాదు, స్పాంజిలో, రాళ్ళ మీద. స్పాంజిని కుళాయి కింద పిండితే క్లోరిన్ వాటి పని పడుతుంది. మిగిలినవాటి సంగతి ఆ నీలం మందు చూసుకుంటుంది. అంటే చేపలు అమ్మే మనిషే చేపల ఇల్లు వారం వారం కూల్చమని చెప్పి పంపిస్తున్నాడు. తెలియక అంటున్నాడనుకోవాలా, చస్తే మళ్ళీ కొంటారని అంటున్నాడనుకోవాలా? ఇదొక గంట ఆలోచించాను, తేలలేదు.

ఇక మా అపార్ట్‌మెంట్ నీళ్ళు. మంజీర నీళ్ళు వచ్చినరోజు ఒక లెక్క, బోరు నీళ్ళు కలిపినరోజు ఇంకో లెక్క. పి.హెచ్., అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత, 7 ఉంటే ఉన్న అమ్మోనియాలో చేపను నిజంగా కాల్చే రకం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8కి చేరితే అయిదు వంతులు దాటుతుంది. బోరు నీళ్ళు కలిసినరోజే ఈ జీబ్రా పైకొచ్చి నిలబడుతోంది. ఈ ముక్క అసోసియేషన్ మీటింగులో చెబితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వీటన్నిటికంటే పెద్ద టెన్షన్ మా అత్తయ్యగారు. చేప నోరు తెరిచినప్పుడల్లా ఆవిడకి అది ఆకలిలాగే కనబడుతుంది. అటు వెళ్తూ ఒక చిటికెడు, ఇటు వస్తూ ఒక చిటికెడు. "ఊపిరాడక తెరుస్తోంది అత్తయ్యా, మేత వేస్తే ఇంకా ఆడదు" అంటే, "నోరులేని జీవాల్ని పస్తులు పెడతావా?" అని నా వైపు ఒక చూపు. మేత డబ్బా తీసి పప్పుల డబ్బాల వెనక దాచాను. సాయంత్రం చూస్తే రాళ్ళ మధ్య తెల్లగా ఏదో కనిపించింది. చెంచాతో తీసి చూస్తే అన్నం మెతుకులు, ఉబ్బి దూదిలా అయ్యాయి. ఈయన్ని చెప్పమంటే, "నువ్వే చెప్పు, నీ మాటయితే వింటుంది" అని టీవీ సౌండు పెంచారు.

మా పెదనాన్న గుర్తొచ్చారు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసేవారు ఆయన. శీలావతి, బొచ్చె. కొత్తగా నీళ్ళు పెట్టిన చెరువులో అదేరోజు పిల్ల వేయడం నేనెప్పుడూ చూడలేదు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టి, పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి ఊరుకునేవారు. రోజూ గట్టు దిగి, లుంగీ ఎగ్గట్టి, మోచేతి దాకా చెయ్యి ముంచి చూసుకునేవారు. అరచెయ్యి ఇంకా స్పష్టంగా కనబడుతుంటే నీళ్ళు ఇంకా పచ్చబడలేదని, "రంగు తిరగలేదు" అని తల అడ్డంగా ఊపేవారు. పిల్లను తెచ్చిన వ్యాను ఒకసారి గట్టు దాకా వచ్చి నిలబడింది. డ్రైవరు తొందర పెడుతున్నాడు, ఆలస్యమైతే చచ్చిపోతాయండీ అని. అయినా వెనక్కి పంపించేశారు. మేత విషయమూ అంతే. తవుడు బస్తాలకి చిల్లులు పొడిచి వెదురుగడలకి కట్టేవారు. చేప వచ్చి చిల్లుకి మూతి ఆనించి లాక్కుని తినాలి. సాయంత్రం బస్తాలో మిగిలిందా, మర్నాడు మేత తగ్గిపోయేది. మబ్బు పట్టిన రాత్రుళ్ళు ఆయన పడుకునేవారు కాదు. తెల్లారుజామున ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలేవి. టార్చి వేస్తే చెరువంతా తెరిచిన నోళ్ళే. చప్ చప్ మని ఆ చప్పుడు. వెంటనే ఇంజన్ వేసి నీళ్ళు ఎత్తి మళ్ళీ అదే చెరువులోకి ధారగా పోయించేవారు. పెద్దమ్మ ఆ వేళప్పుడు టీ కాచేది, మాకూ ఇచ్చేది.

చేపలంటే ఆయనకి ప్రాణం అని రాయబోయి ఆగాను. ప్రాణమేం కాదు. ఆయనకి తెలిసింది కిలో రేటు, మేత ఖర్చు, అప్పు. నాలుగు చేపలు తేలితే గట్టు మీద పారేసి ముందుకి నడిచేవారు. ఆ లెక్కన మా మరిది ఇరవై రూపాయల మాటకి నేనింత ఉడుక్కోనక్కర్లేదేమో. డబ్బు లెక్క వేసుకునే పెదనాన్న రాత్రంతా మేల్కొన్నారు, డబ్బు లెక్క వేసే మా మరిది తీసి పారేయమంటున్నాడు. చేప ఖరీదుది కాదన్నమాట తేడా. ఒకరు చెరువు పోతుందని భయపడ్డారు, ఇంకొకరికి పోయేది ఏదీ లేదు. పైగా మరిది వాళ్ళ ట్యాంకు ఏళ్ళనాటిది. ఎప్పుడో కుదురుకుపోయింది. దాంట్లో ఏం వేసినా బతుకుతుంది కాబట్టి ఇదంతా అతనికి చాదస్తంగానే కనబడుతుంది.

పొద్దున మాత్రం చేపలన్నీ తిరిగి షాపులో ఇచ్చేద్దామనే అనుకున్నాను. ట్యాంకును చేపల్లేకుండా పెట్టుకుని, సూక్ష్మజీవులకి మేతగా అమ్మోనియా చుక్కలు వేసుకుంటూ, పరీక్ష కిట్‌లో రంగు తిరిగాకే తెచ్చుకుందామని. అసలు పద్ధతి అదే, దానికి ఎవరి ప్రాణమూ పణంగా పెట్టక్కర్లేదు. కానీ ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆ సాయంత్రమే ఇంకెవరి పుట్టినరోజుకో, ఇంకో కొత్త ట్యాంకులోకి. ఇక్కడయితే కనీసం కొలిచి చూసే మనిషి ఉంది. అందుకని ఉంచేశాను. రోజూ పావు వంతు నీళ్ళు మార్పు. బకెట్లో రాత్రే పట్టి ఉంచిన నీళ్ళు మాత్రమే. మేత రోజు విడిచి రోజు, అది కూడా నా చేత్తోనే. కాస్త కల్లుప్పు, పది లీటర్లకి గ్రాము చొప్పున. నైట్రైటు మొప్పల్లో దూరకుండా ఉప్పులో క్లోరైడు అడ్డుపడుతుంది. పెదనాన్న కూడా చెరువులో ఉప్పు బస్తాలు గుమ్మరించేవారు. అప్పుడు మేం నవ్వుకునేవాళ్ళం.

రాత్రి భోజనాలయ్యాక చిన్నదీ నేనూ కిట్ తీసి పరీక్ష చేశాం. అమ్మోనియా గొట్టం నిన్నటిలాగే లేత ఆకుపచ్చ, అంటే అది ఇంకా ఉన్నట్టే. రెండోది నైట్రైటు. చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగితే ఇన్నాళ్ళూ నీలంగానే ఉండేది, ఈ రాత్రి కొంచెం ఊదా తిరిగింది. అంటే మొదటి జాతి వచ్చేసింది. విషం పుట్టిందని చప్పట్లు కొట్టాం ఇద్దరం. "అమ్మా, ఇది మంచిదా చెడ్డదా?" అంది చిన్నది. "రెండూ" అన్నాను.

ఆదివారం మరిది వస్తున్నాడు. సక్కర్ ఫిష్ తెస్తాడట. "మురికంతా అదే తినేస్తుంది వదినా, నీకిక పనే ఉండదు" అని సాయంత్రం మెసేజ్. అడుగు దాటి పెరిగే చేప అది, అది వదిలే మురికి ఎవరు తింటారు? చేప వద్దు బాబూ, మీ ట్యాంకు ఫిల్టర్లో పాత స్పాంజి సగం కోసి, కడక్కుండా, మీ ట్యాంకు నీళ్ళతోనే కవర్లో కట్టి తీసుకురా అని పెట్టాను. ఇందాకే జవాబు వచ్చింది.

"అంత జిడ్డుది ఎందుకు వదినా, కొత్తది కొనిస్తాగా!"