మడమ నొప్పి, బరువు, నా మాట

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుండే నొప్పి ఈమధ్య బాగా తగ్గింది, ఆ సంతోషం మీతో చెప్పుకోవాలనిపించింది. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీలాంటి కణజాలం ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా అంటారు. రాత్రంతా బిగుసుకుని ఉండి, నిలబడగానే సాగుతుంది కాబట్టే ఆ మొదటి అడుగులు అంత నరకం.

నడిచేటప్పుడు పాదం మీద పడే భారం మన బరువు కంటే కొంచెం ఎక్కువే, పరిగెత్తితే 2 నుంచి 3 రెట్లు. బరువు తగ్గేకొద్దీ నాకు తేడా తెలిసింది నిజమే. కానీ సన్నగా ఉండి రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకూ ఇది వస్తుంది. లావుగా ఉన్నవాళ్లని "ముందు బరువు తగ్గు" అని పంపించేస్తే చాలా బాధగా ఉంటుంది, అడుగు వేయలేని మనిషి నడిచి ఎలా తగ్గాలి?

నాకు బాగా పనిచేసింది పిక్కల వ్యాయామం. మెట్టు అంచున, చుట్టిన టవల్ మీద వేళ్లు ఆనించి మడమలు నెమ్మదిగా పైకి లేపడం, అంతే నెమ్మదిగా దించడం, రోజు విడిచి రోజు. ఎక్స్‌రేలో మడమ దగ్గర ముల్లులా ఎముక పెరిగిందని టెన్షన్ పడకండి, నొప్పి లేని చాలామందికీ అది ఉంటుంది. నెలలు పడుతుంది గానీ, ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.