32 కుండీలు, ఒక థర్మామీటరు

పోయిన ఏడాది కుండీల్లో పెంచిన మొక్కల గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. అందుకే ఏ మొక్క ఎందుకు చచ్చిపోయిందో ఇప్పటికీ తెలియదు. ఈసారి నోట్‌బుక్ పెట్టాను. టమాటా 9, మిర్చి 6, బెండ 5, వంగ 4, ఆకుకూరల ట్రేలు 4, బీర 1, పూలమొక్కలు 3. మొత్తం 32. గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపించే థర్మామీటరు ఒకటి తెచ్చి, టమాటా కుండీల మధ్య, ఆకుల ఎత్తులో, నేరుగా ఎండ తగలని చోట వేలాడదీశాను. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రతను మనిషి ఛాతీ ఎత్తులో, గాలి ఆడే తెల్లపెట్టెలో, నీడలో కొలుస్తారు. నా కుండీలేమో కాంక్రీటు మీద, పడమటి గోడను ఆనుకుని ఉన్నాయి. వార్తల అంకె మీద నాకున్న నమ్మకం రెండో వారానికే పోయింది.

3వ వారం

గరిష్ఠం 33, కనిష్ఠం 20. టమాటాలన్నీ పూత మీద ఉన్నాయి, మూడింటికి పిందె పడింది. చాలా సంతోషంగా ఉన్నాను. ఇంకేం రాయలేదు.

6వ వారం

గరిష్ఠం 39, కనిష్ఠం 27. పొద్దున్నే చూస్తే కుండీల కింద పసుపు చుక్కలు చల్లినట్టు పూలు రాలి ఉన్నాయి. ఒక పూగుత్తిని దగ్గరగా పట్టుకుని చూశాను. పువ్వు కాడకు మధ్యలో చిన్న కణుపు ఉంటుంది కదా, అక్కడిదాకా పసుపు తిరిగింది, దాని వెనక కాడ మాత్రం పచ్చగానే ఉంది. వేలితో తాకీ తాకకముందే పువ్వు ఆ కణుపు దగ్గర టక్కున ఊడి చేతిలో పడింది.

పోషకాలు చాలలేదనుకుని ద్రవ ఎరువు ఇచ్చాను. ఈ ఏడాది మొదటి తప్పు అదే. నాలుగో రోజుకల్లా ఆకుల అంచులు గోధుమరంగులోకి మాడాయి. వేడికి పెరగడమే మానేసిన మొక్క ఎరువును వాడుకోలేదు. ఆ లవణాలు మట్టిలోనే పేరుకుని వేళ్లకు నీళ్లు అందడం ఇంకా కష్టం చేస్తాయి. ఎక్కువ నీళ్లు పోసి మట్టిని రెండుసార్లు కడిగాక గానీ కుదుటపడలేదు.

అసలు సంగతి రాత్రుల్లో ఉంది. పగలు 35 దాకా వెళ్లినా రాత్రి 20 దగ్గరికి దిగితే టమాటా ఎలాగో పిందె కడుతుంది. రాత్రి 24 దిగకపోతే పుప్పొడి సరిగ్గా తయారు కాదు, పువ్వు రాలిపోతుంది. దానికి మందు లేదు. అందుకని ఆ రోజు నుంచి కాయల మీద ఆశ వదిలేసి, మొక్కను బతికించడం ఒక్కటే పనిగా పెట్టుకున్నాను. మిర్చి కూడా పూత రాల్చింది కానీ కొంచెం నయం. బెండ మాత్రం ఏమీ పట్టనట్టు కాసింది.

ఇంకో చిన్న విషయం. అంతకుముందు పడ్డ టమాటాలు చెట్టు మీద ఎన్నాళ్లున్నా ఎరుపెక్కలేదు, నారింజరంగు దగ్గరే ఆగిపోయాయి. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారు కాదట. రంగు తిరగడం మొదలవగానే కోసి ఇంట్లో చల్లటి మూలన పెట్టాను. ఐదో రోజుకు ఎర్రబడ్డాయి.

7వ వారం

ఈ వారం నేర్చుకున్నదే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. రోజూ రెండుపూటలా నీళ్లు పోస్తున్నా మిర్చి మొక్కలు రెండు వాడిపోతున్నాయి. పోసిన పది సెకన్లకే అడుగు నుంచి నీళ్లు వచ్చేస్తున్నాయి కాబట్టి బాగా తడిసిందనే అనుకున్నాను. అనుమానం వచ్చి ఒక గ్రో బ్యాగును (మొక్క పెంచే సంచిని) పక్కకు వంచి మట్టిముద్ద బయటికి లాగాను. పైన రెండు సెంటీమీటర్లు తడి. అంచు చుట్టూ సన్నటి తడిచార. మధ్యలో అంతా పొడి, నలిపితే ముక్కుపొడిలా రాలింది.

కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువగా ఉన్న మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండిపోతే కుంచించుకుని అంచును వదిలేస్తుంది. ఆ సందులోంచే నీళ్లు జారిపోతాయి. పైనుంచి ఎంత పోసినా లాభం లేదు. టబ్బులో సగం దాకా నీళ్లు పట్టి బ్యాగును అందులో కూర్చోబెట్టాను. ముందు బుడబుడమని బుడగలు వచ్చాయి. అవి ఆగేసరికి అరగంట పట్టింది. అప్పటి నుంచి తడి చూడడానికి కళ్లను నమ్మడం లేదు, బ్యాగును ఓ పక్క ఎత్తి బరువు చూస్తున్నాను. వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

దీనితోపాటే ఇంకోటి. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలిపోతే వెంటనే నీళ్ల పైపు పట్టుకోవద్దు. వేళ్లు లాగే నీటికంటే ఆకుల నుంచి పోయేది ఎక్కువైనప్పుడు తడిమట్టిలో ఉన్న మొక్క కూడా వాలుతుంది. పొద్దున ఏడింటికీ వాలే ఉంటే అప్పుడు కంగారుపడాలి.

ఎండలో నీళ్లు పడితే చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2010లో హంగేరీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద చుక్కల వల్ల కాలిన మచ్చలు రాలేదు, నూగు ఉన్న ఆకుల మీద మాత్రం ఆ అవకాశం ఉందని తేలింది. ఆకును నిజంగా ఉడికించేది వేరే ఉంది: ఎండలో పడి ఉన్న పైపులో మిగిలిన నీళ్లు. మొదటి అర నిమిషం నీళ్లు చేతి మీద పట్టుకుని చూడండి, తెలుస్తుంది. నేను దాన్ని బకెట్‌లోకి వదిలేస్తున్నాను.

8వ వారం

మొక్కల మీద నీడ కోసం షేడ్ నెట్ కట్టాను. మొదట అన్నిటి మీదా 50 శాతానిది, అంటే సగం ఎండను ఆపేది వేశాను. ఆకుకూరలు బాగున్నాయి గానీ వంగ, మిర్చి సన్నగా సాగడం మొదలుపెట్టాయి. కాయ మొక్కల మీద 35 శాతానిది మార్చాను. నెట్ ఆకులకు తగలకుండా రెండడుగుల పైన ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. లేకపోతే కింద వేడి అలాగే నిలిచిపోతుంది. నల్లకుండీలకు తెల్లగుడ్డ చుట్టాను, మట్టి మీద ఐదారు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిచాను. మిర్చికాయల మీద కాగితంలా తెల్లటి మచ్చలు వస్తే తెగులనుకుని భయపడ్డాను. ఎండకు కాలినవే. ఎండ తగిలే వైపు ఆకులు తుంచేసింది ఎవరో కాదు, నేనే.

ఆకుల కింద ఎర్రనల్లి అనే చిన్న పురుగు కూడా వచ్చింది. రెండు రోజులకోసారి ఆకు అడుగుభాగాన గట్టిగా నీళ్లు కొడితే తగ్గింది.

టమాటా మొక్కలను మూడోవంతు కత్తిరించి, కింది పక్కకొమ్మలు ఉంచాను.

10వ వారం

గాలివాన. సాయంత్రం వస్తుందని ఫోన్ చెబుతూనే ఉంది. నెట్ విప్పుదాంలే, విప్పుదాంలే అనుకుంటూ కూర్చున్నాను. గాలికి నెట్ తెరచాపలా ఉబ్బి పైపుల చట్రాన్ని వంచేసింది, ఆ చట్రం రెండు టమాటాల మీద పడింది. 32 కాస్తా 30 అయింది. ఇప్పుడు నెట్‌ను ముడులతో కాకుండా క్లిప్పులతో కట్టాను, నాలుగు నిమిషాల్లో విప్పేయొచ్చు. గాలి వస్తుందంటే ఎత్తైన మొక్కల కుండీలను ముందే గోడ వారగా పడుకోబెడుతున్నాను. ఊతకర్రకు కట్టేటప్పుడు తాడును ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టాలి. బిగించి కట్టిన చోటే కాడ విరిగింది.

12వ వారం

తొమ్మిది రోజులుగా ముసురు. వంగ మొక్క ఒకటి వాలిపోయింది. మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం ఎండలో వాలినట్టే ఉన్నాయి. లాగి చూస్తే మురుగువాసన, వేళ్లు గోధుమరంగులో మెత్తగా ఉన్నాయి, పట్టుకుంటే పైతొక్క ఊడొస్తోంది. నీళ్లు నిలిచి గాలి అందక వేళ్లు కుళ్లాయి. 29.

ఆ కుండీ అడుగున గులకరాళ్లు వేశాను, నీళ్లు బాగా పోతాయని. అది తప్పని ఇప్పుడు తెలిసింది. మట్టి పూర్తిగా నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. దాంతో తడిపొర వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. రాళ్లు తీసేసి, మట్టిలోనే ముతక ఇసుక కలిపి, కుండీలన్నిటి కిందా రెండేసి ఇటుకలు పెట్టాను. చాలావాటికి రంధ్రాలు నేలకు అతుక్కుని మూసుకుపోయి ఉన్నాయి.

మిద్దె మీద పెంచేవాళ్లకు ఒక మాట. మామూలు తోటమట్టి నింపిన 20 లీటర్ల కుండీ వానకు నానితే 30 కిలోలు దాటుతుంది. అన్నీ ఒకేచోట గుమిగూడకుండా గోడల వెంట సర్దాను.

వాన తెరిపిచ్చాక కింది ఆకులు పసుపెక్కాయి. నత్రజని నీళ్లతో కొట్టుకుపోయింది. ఆరో వారం గుర్తుంది కాబట్టి వెంటనే ఏమీ ఇవ్వలేదు. కొత్త చిగురు కనబడ్డాక వర్మీకంపోస్టు గుప్పెడు చొప్పున వేశాను. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చలూ వచ్చాయి. కాల్షియం కాయదాకా చేరకపోవడం వల్ల వచ్చేదే, కానీ కారణం ఎక్కువసార్లు మట్టిలో కాల్షియం లేకపోవడం కాదు, ఓసారి ఎండగట్టి ఓసారి ముంచెత్తడం. గుడ్డుపెంకులు వేసినా అవి కరిగేలోపు పంట అయిపోతుంది.

19వ వారం

కనిష్ఠం 18. కత్తిరించి వదిలేసిన ఏడు టమాటాల్లో ఐదు పక్కకొమ్మల మీద పూశాయి, ఈసారి పూత నిలిచింది. మిగతా రెండూ ముసురు తర్వాత ఆకుమచ్చతో పోయాయి. ఇప్పుడు 27. ఎండల్లో రెండుసార్లు వేసినా మొలవని లెట్యూస్ (సలాడ్ ఆకు) గింజలు అదే ప్యాకెట్‌లోంచి వేస్తే ఆరు రోజులకు మొలిచాయి. గింజలు చెడిపోలేదు, మట్టి వేడిగా ఉంటే లెట్యూస్ మొలవదు. ఆ కోపంలో ప్యాకెట్ పారేయనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. కొత్తిమీర కూడా ఈసారి పూతకు పరిగెత్తకుండా ఆకు వేసింది.

28వ వారం

కనిష్ఠం 8. బెండ ఆగిపోయింది, ఆకులు వడలి నల్లబడ్డాయి. 10 కంటే దిగితే దానికి పడదు. తీసేశాను. 22. టమాటాలకు రాత్రిపూట ప్లాస్టిక్ కప్పాను, తెల్లారి చూస్తే ప్లాస్టిక్ తగిలిన ఆకులే దెబ్బతిన్నాయి. ఇప్పుడు కర్రల మీద పాత దుప్పటి నేలదాకా దించుతున్నాను, ఎండ రాగానే తీసేస్తున్నాను. మట్టిని మధ్యాహ్నమే తడుపుతున్నాను. తడిమట్టి పగటి వేడిని పొడిమట్టికంటే ఎక్కువ పట్టి ఉంచుతుంది.

ఈ వారం థర్మామీటరును ఒక రాత్రి బయట, ఒక రాత్రి పడమటి గోడ పక్కన పెట్టి చూశాను. బయట 8, గోడ దగ్గర 11. ఎండల్లో ఏ గోడ వేడికి టమాటా పూత రాలిందో, కుండీలన్నీ మళ్లీ ఆ గోడ దగ్గరికే జరిపాను. కనిష్ఠం 20 దాటిన రోజు వెనక్కి లాగాలని గోడ మీదే పెన్సిల్‌తో రాసి పెట్టాను.