ఆకు రంగుకు ఒక లెక్క

మేముండే కొరాపుట్ పీఠభూమికి తెలుగు కొత్త కాదు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా పాత విశాఖపట్నం జిల్లాలోదే. అయినా మా పిల్లలు చదివేది, ఆడుకునేది, పోట్లాడుకునేది ఒడియా, ఇంగ్లీషుల్లోనే. తెలుగు అన్నం దగ్గర, ఫోన్‌లో నాయనమ్మ దగ్గర మిగిలింది. అది అక్కడే ఆగిపోతుందేమోనన్న టెన్షన్ నాకు ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో భాష నిలవాలంటే ఆ భాషలో చేసే పని ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మాకు ఆ పని పెరట్లోని క్రేప్ మర్టిల్ పొద ఇచ్చింది. చలి ముదిరితే దాని ఆకులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరిగి రాలిపోతాయి. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ఆ మార్పును కొలుస్తానంది.

"ఎర్రబడింది" అని రాస్తే కొలత కాదు కదా. కొమ్మలకు దారాలు కట్టి గుర్తు పెట్టుకుని, ప్రతి ఆదివారం ఒకే వేళకు, నీడలో, ఫ్లాష్ లేకుండా, అవే ఆకులను ఫొటో తీస్తుంది. పక్కనే తెల్ల కాగితం ఉండాలి. ఫొటోలో ఆ కాగితమే పసుపుగా కనిపిస్తే వెలుతురు తేడా అన్నమాట, ఆ ఫొటో పనికిరాదు. తర్వాత ఫొటోలో ఆకు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు, అంటే ఒక్కో రంగు ఎంతుందో చెప్పే అంకెలు చూసి, మూడింటి మొత్తంలో ఆకుపచ్చ వాటా ఎంతో లెక్క కడుతుంది. విడి విలువ కన్నా వాటాయే నమ్మదగింది. వెలుతురు కాస్త పెరిగినా తగ్గినా అది పెద్దగా మారదు.

ఆదివారం నాయనమ్మ పార్వతీపురం నుంచి ఫోన్ చేస్తుంది. "ఎరుపంటే ఏ ఎరుపే? పండుమిరపా, ఇటుకా?" అని అడుగుతుంది. పిల్ల మళ్లీ పెరట్లోకి పరుగెత్తి చూసొస్తుంది. నోటుబుక్కులో అంకె పక్కన ఆ మాట కూడా చేరుతుంది.

కారణాలు కూడా తెలుగులోనే చెప్పించాను. పత్రహరితం విరిగిపోతే అప్పటిదాకా దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఆకు దాన్ని కొత్తగా తయారు చేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే ఆకులో చక్కెరలు నిలిచి ఆ ఎరుపు బాగా పడుతుంది. ఒక ఆకు మీద ఇంకో ఆకు వాలినచోట నీడ మేర ఎరుపు పట్టలేదు. అది చూసింది మా అమ్మాయే. నాకు చాలా సంతోషం వేసింది.

మా ఆడపడుచు ఇంట్లోనూ అదే మొక్క ఉంది. పార్వతీపురంలో రాత్రులు ఇక్కడంత చల్లగా ఉండవు కాబట్టి, ఈసారి వాళ్లబ్బాయి అక్కడ కొలుస్తాడు. ఎలా కొలవాలో వాడికి తెలుగులో రాసి పంపే బాధ్యత మా అమ్మాయిది. ఇప్పటికి దారం కట్టడం, కాగితం పెట్టడం వరకు రాసింది. వాటా లెక్క దగ్గర "అమ్మా, దీన్ని వాడికి అర్థమయ్యేలా ఎలా రాయాలి?" అని ఆగింది. ఈ రాత్రి ఇద్దరం కూర్చుని రాస్తాం.