పాత పుస్తకం పది పేజీల దగ్గర ఆగిపోకుండా

మన బడిలో చదివి తలో దిక్కుకు పోయిన నల్లగొండ మిత్రులు కలిసినప్పుడల్లా ఒకే మాట అంటారు: ‘పాత పుస్తకాలు మొదలుపెడతాం, పది పేజీలు దాటవు’. నేను పరిశోధకుణ్ని కాను, చేతికందింది చదివే మనిషిని. నాకు అర్థమైనంతవరకు, ఆగిపోవడానికి కారణం ఎక్కువగా మనం పట్టుకున్న చోటే.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’నే తీసుకోండి. 1949లో వచ్చింది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దీనికే. పాలమూరు బిడ్డ రాసిన పుస్తకమని భక్తితో మొదటి పేజీ నుంచి, తూర్పు చాళుక్యుల కాలం నుంచి మొదలుపెడతాం, అలసిపోతాం. కాకతీయుల అధ్యాయం ముందు చదవండి. రాజుల వంశాలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏ బట్టలు కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాలను సాక్ష్యం అడగడం ఈ పుస్తకం పద్ధతి. ఆ సాక్షుల్లో ‘క్రీడాభిరామం’ అనే పద్యాల వీథినాటకం ఒకటి. అందులో ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఒక రూకకు కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు పెడతారు. ఒక్క పద్యంలో ఓరుగల్లు భోజనం మొత్తం ఉంది! అయినా పద్యం కనబడగానే చాలామంది పుస్తకం మూస్తారు. మొదటిసారి పద్యాలు దాటేసి వచనం మాత్రమే చదవండి, రెండోసారి పద్యాలకు రండి.

పాత అచ్చులో కళ్లు తడబడేది అరసున్న (ఁ) దగ్గర. దాన్ని పలకనక్కర్లేదు. దాని పక్కన గ, జ, డ, ద, బ కనబడి మాట అర్థం కాకపోతే క, చ, ట, త, ప పెట్టి చూడండి. ‘వానిఁ జూచి’ అంటే వానిని చూచి. ఈ ఒక్క కిటుకుతో సగం పద్యాలు విడిపోతాయి.

నవలల్లో చిక్కు వేరు. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ చదివే ఈ తరం పిల్లలకు కథ తెలుస్తుంది గానీ, నిజాం కాలపు ఊళ్లో ఎవరి చేతిలో ఏ అధికారం ఉండేదో తెలియదు. అది తెలియకపోతే ఊరి భయం తెలియదు. పట్వారి దగ్గర భూమి లెక్కలు, మాలీ పటేలు చేతిలో శిస్తు వసూలు, పోలీసు పటేలు చేతిలో ఊరి కట్టుబాటు. పైన రెవెన్యూకు గిర్దావరు, పోలీసుకు అమీను. ఇంతమాత్రం పెన్సిలుతో మొదటి పేజీలో రాసుకుంటే చాలు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969)లో ఈ ఇబ్బంది తక్కువ. సంగీతం తెలిసిన సారంగపాణి బయటినుంచి గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు) ఉన్న ఊరికి వస్తాడు, అతనితోపాటు మనమూ కొత్తగా చూస్తాం. అందుకే మొదట దీన్ని, తర్వాత ‘ప్రజల మనిషి’ని చదవమంటాను.

శివభక్తుల కథలు చెప్పే పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’ మాత్రం కళ్లతో చదివితే రాదు, గొంతెత్తాలి. అది ద్విపద, అంటే రెండేసి పాదాల పద్యం. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, గణమంటే అక్షరాల చిన్న గుంపు. మూడో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జతకలిసే చోటు. అక్కడ చిన్న ఊపు ఇస్తే నడక దానంతట అదే పట్టుబడుతుంది. రెండు పాదాలకే వాక్యం ముగిసిందనుకోవద్దు, అర్థం తర్వాతి ద్విపదలోకి కూడా పోతుంది. గొడగూచి, బెజ్జమహాదేవి కథలతో మొదలుపెట్టండి. శివునికి తల్లి లేదే అని బెజ్జమహాదేవి తానే తల్లి అవుతుంది, పసిబిడ్డకు చేసినట్లు నలుగు పెట్టి నీళ్లు పోస్తుంది. శివుడు అంగిటిముల్లు (పసిపిల్లల గొంతు జబ్బు) వచ్చినట్టు నటిస్తే ఆమె తల్లడిల్లిపోతుంది. తల్లి బెంగను ఇంత దగ్గరగా చూపిన పద్యకథ నాకు మరొకటి కనబడలేదు.

‘గోలకొండ కవుల సంచిక’ సంగతి కొంచెమే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం 354 మంది కవులతో 1934లో తెచ్చిన గ్రంథం అది. వరుసగా చదివేది కాదు. మీ ఊరు, మీ అమ్మమ్మగారి ఊరు, చుట్టుపక్కల ఊళ్ల కవులెవరైనా ఉన్నారేమో వెతకండి. దొరికితే ఆ పద్యం విడిగా రాసుకుని, ఆ ఊరి బడికి ఒక ప్రతి పంపండి.