గెడ్డలో దొరికిన జమ్ము వేరు, నా మూడో అటెంప్ట్

రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్‌లో రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ అర్హతకి రాసే జాతీయ పరీక్ష), లైఫ్ సైన్సెస్, మూడో అటెంప్ట్‌లో కొట్టాను. అమ్మ ఇంకా వీధిలో స్వీట్లు పంచుతూనే ఉంది.

పార్ట్ ఎ, బి గురించి చెప్పేదేం లేదు, పాత పేపర్లు చేయండి చాలు. నా గొడవంతా నాలుగేసి మార్కుల ప్రశ్నలుండే పార్ట్ సితోనే. పోయినసారి రెండు మార్కుల్లో పోయింది. మొక్కల్లో విష లోహాల్ని పట్టి కట్టేసే ఫైటోకెలాటిన్లూ మెటలోథయోనిన్లూ ఒకేలా తయారవుతాయనుకుని టిక్ పెట్టేశాను. నాలుగు మార్కులు పోయాయి, పైగా ఒకటి మైనస్. ఆ రాత్రి బీచ్ రోడ్డులో కూర్చుని ఏడ్చాను. మొక్కలతో కాలుష్యాన్ని శుభ్రం చేసే టాపిక్ ఉన్న యూనిట్ 12 చివర్లో చూసుకోవచ్చులే అన్నవాళ్ల మాట విన్నాను మరి.

విశాఖ గోపాలపట్నంలో మా వీధి చివర గెడ్డ ఉంది. ఓ సాయంత్రం గట్టున ఊడిపడి ఉన్న జమ్ము మొక్క తెచ్చి కుళాయి కింద కడిగాను. నల్ల బురద పోయాక వేళ్ల మీద తుప్పు రంగు పొర మిగిలింది. గోటితో గీకితే పొడిలా రాలింది. నేను బట్టీ పట్టిన ఐరన్ ప్లేక్ ఇదే! కాడలోని గాలి గదుల్లోంచి ఆక్సిజన్ వేళ్లకి దిగి, బయటికి వచ్చి, బురదలోని ఫెర్రస్ ఇనుముని ఫెర్రిక్‌గా మారుస్తుంది. ఆర్సెనిక్ లాంటివి ఆ తుప్పుకి అతుక్కుంటాయి. అంటే విషం కొంత గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

అక్కణ్ణుంచి మిగతాదంతా వరసగా అర్థమైంది. ఆర్సెనేట్ (ఆర్సెనిక్‌కి ఓ రూపం) వేరులోకి ఫాస్ఫేట్ వెళ్లే దారిలో దూరుతుంది, కాడ్మియం కాల్షియం, జింక్ దారుల్లో. కొంత లోహాన్ని సెల్ వాల్‌లోని పెక్టిన్ అనే జిగురు పదార్థం పట్టేస్తుంది. లోపలికొచ్చిన కాడ్మియం తగలగానే ఓ ఎంజైమ్ మేల్కొని గ్లుటథయోన్ అనే చిన్న అణువులతో ఫైటోకెలాటిన్ అల్లుతుంది, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌తో పనే లేదు. మెటలోథయోనిన్ మాత్రం జన్యువు చెప్పినట్టు తయారయ్యే ప్రోటీన్. ఫైటోకెలాటిన్ కట్టేసిన కాడ్మియంని కణం వాక్యుయోల్ అనే తన లోపలి సంచిలో పెట్టి తలుపేస్తుంది. గుర్రపు డెక్కలో అయితే లోహం చాలావరకు వేళ్లలోనే ఉండిపోతుంది, ఆకులకి ఎక్కేది తక్కువ.

ఒక్క టాపిక్‌కి మూడు వారాలా అన్నారు మావాళ్లు. పార్ట్ సిలో 75 ప్రశ్నలకి 25 రాస్తే చాలు కదా! అన్నీ సగం సగం తెలిసి గుడ్డిగా పెట్టి మైనస్‌లు తెచ్చుకోవడం కన్నా ఇదే నయం. రోజూ ఐదింటికి లేచాను, ఫోన్ అమ్మ చేతికిచ్చేశాను. అదేమీ చేయనివాళ్లు నాది లక్ అంటే ఒప్పుకోను.

ఇంకొకటి రాసుకోండి: మొక్క లోహాన్ని పీల్చుకుంటుంది గానీ మాయం చేయదు. గుర్రపు డెక్క పీకి గట్టున వదిలేస్తే, కుళ్లి అదంతా మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. నా పాత నోట్సులో ఈ పాయింట్ లేదు.