ఘాట్ రోడ్డు దీపాలు, కనబడని దిక్కులు

రాత్రిపూట మా మేడ మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే తిరుమల ఘాట్ రోడ్డు కొండ ఒంటి మీద వేలాడే దీపాల దారంలా కనిపిస్తుంది. వేసవి సెలవులకు వచ్చిన నా మేనకోడలు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, ఆ దీపాలను చూస్తూ "మామా, నాలుగో డైమెన్షన్ అంటే ఇంకో లోకమా?" అని అడిగింది. ఆ రాత్రి నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు కనుక ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

చిక్కు మాటలోనే మొదలవుతుంది. గణితం పుస్తకంలో 'త్రిపరిమాణ' అని చదువుతాము గాని వాడుకలో పరిమాణమంటే సైజు. భౌతికశాస్త్రంలో 'మితి ఫార్ములా' అన్నప్పుడు మితికి అర్థం వేరు. అందుకే నేను డైమెన్షన్ అనే అంటాను. ఒక చోటును ఖచ్చితంగా చెప్పడానికి ఒకదానిపై ఒకటి ఆధారపడని సంఖ్యలు ఎన్ని కావాలో, అన్ని డైమెన్షన్లు ఉన్నట్టు.

అలిపిరి నుంచి కాలినడకన వెళ్లేవారికి సుమారు 3,550 మెట్లు ఉంటాయి. ఆ దారి వంపులు తిరుగుతుంది, కొంత దూరం చదునుగా సాగుతుంది, మోకాళ్ల పర్వతం దగ్గర నిట్టనిలువుగా లేస్తుంది. అయినా ఎన్నో మెట్టు మీద ఉన్నామో చెబితే చాలు, ఇంట్లో ఉన్నవారికి మన చోటు తెలిసిపోతుంది. ఒక్క సంఖ్యతో పని తీరింది కనుక, ఎన్ని మలుపులున్నా ఆ దారి ఏకడైమెన్షన్ దారే. తిరుపతి ఊరిని భూమి మీద గుర్తించాలంటే అక్షాంశం, రేఖాంశం అనే రెండు సంఖ్యలు కావాలి. ఊరి మీద ఎగిరే గద్ద ఎక్కడుందో చెప్పాలంటే ఎత్తు కూడా చేర్చాలి.

మూడు ఎందుకు కావాలో చూపించే పరికరం మనకు దగ్గరలోనే, చిత్తూరు దారిలోని గాదంకిలో ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 1,024 యాంటెనాలతో, 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేసే రాడార్ ఆకాశంలోని గాలులను కొలుస్తుంది. నిలువుగా ఒక్క కిరణం పంపితే గాలి పైకి పోతోందో కిందికి దిగుతోందో మాత్రమే తెలుస్తుంది. తూర్పు పడమరల వేగం, ఉత్తర దక్షిణాల వేగం తెలియాలంటే కిరణాన్ని ఆయా దిక్కులకు వంచి పంపవలసిందే. మూడు సంఖ్యలూ చేతికి వచ్చాక గాలి కదలిక పూర్తిగా తెలుస్తుంది, నాలుగో దిక్కు ప్రసక్తి రాదు.

మేనకోడలి ప్రశ్నకు ఇక్కడే సగం జవాబుంది. పురాణాలు చెప్పే పద్నాలుగు లోకాలు నివాసాలు. డైమెన్షన్ నివాసం కాదు, దిక్కు. ఈ రెంటినీ కలిపేస్తే పురాణానికీ భౌతికశాస్త్రానికీ అన్యాయమే జరుగుతుందని నా గట్టి నమ్మకం. నాలుగోదిగా కాలాన్ని చేర్చి, స్థలకాలాలను ఒకటిగా చూడాలని గణితవేత్త మింకోవ్‌స్కీ 1908లోనే చెప్పాడు. నేను అడుగుతున్నది అది కాదు, స్థలానికే ఇంకో దిక్కు ఉండగలదా అన్నది.

ఉండగలదని జర్మన్ గణితవేత్త కలూజా 1919లో ఐన్‌స్టైన్‌కు పంపిన పత్రంలో చూపాడు. అది 1921లో అచ్చయింది. ఐన్‌స్టైన్ గురుత్వ సమీకరణాలను ఐదు డైమెన్షన్లలో, అంటే స్థలానికి నాలుగు, కాలానికి ఒకటి చొప్పున, రాస్తే, వాటిలోంచి మనకు తెలిసిన గురుత్వంతో పాటు విద్యుదయస్కాంత సమీకరణాలు కూడా బయటికి వచ్చాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరించే ఫలితం ఇది. మరి ఆ దిక్కు కనబడదేమి? మా మేడ మీంచి ఘాట్ రోడ్డు సన్నని గీతే, కాని బస్సు నడిపే డ్రైవరుకు దానికి వెడల్పు ఉందని ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. అలాగే అదనపు దిక్కు తనలో తాను చుట్టుకుని ఉంటుందని 1926లో స్వీడన్ భౌతికశాస్త్రవేత్త క్లైన్ ప్రతిపాదించాడు. ఆయన లెక్కలో ఆ చుట్ట సైజు సెంటీమీటర్లలో రాస్తే దశాంశ బిందువు తరువాత 30 సున్నలు పెట్టాలి. రోడ్డుకు అంచులుంటాయి, ఈ దిక్కుకు ఉండవు. కొంచెం ముందుకు పోతే బయలుదేరిన చోటికే చేరుతాము. పోలిక అంతవరకే చెల్లుతుంది. కణాలన్నీ అతిసూక్ష్మమైన తీగల కంపనాలే అంటూ తరువాత వచ్చిన సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతానికి కాలంతో కలిపి 10 డైమెన్షన్లు కావాలి.

కంటికి కనబడనిది కొలతకు దొరకవచ్చు. గురుత్వం దూరం రెట్టింపయితే నాలుగో వంతుకు తగ్గుతుంది. అది మూడు దిక్కులలో పరుచుకోవడమే అందుకు కారణం. నాలుగు దిక్కులలో పరుచుకుంటే ఎనిమిదో వంతుకు పడిపోవాలి. అదనపు దిక్కు ఒక మిల్లీమీటరు దాకా పెద్దదైనా ఉండవచ్చని, అందులోకి కాంతి పోజాలదు గాని గురుత్వం పోగలదని, 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అది నిజమైతే అతి దగ్గరి దూరాలలో గురుత్వం లెక్క మారాలి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సన్నని తీగకు వేలాడదీసిన త్రాసుతో దీనిని పరీక్షిస్తూ వచ్చారు. 2020లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం 52 మైక్రాన్ల వరకు, అంటే దాదాపు తలవెంట్రుక మందం వరకు, పాత లెక్కే నిలిచింది.

కనుక వెంట్రుక కంటే బాగా లావైన అదనపు దిక్కు, గురుత్వం స్వేచ్ఛగా తిరగగలిగినది, లేదని చెప్పవచ్చు. అంతకంటే సన్నని దిక్కులు ఉన్నాయని నేను నమ్మను, లేవని వాదించను. "మరి క్లైన్ చెప్పినంత సన్నగా ఉంటే?" అని ఆ పిల్ల మళ్లీ అడిగింది. త్రాసు చేరిన చోటికీ ఆ చుట్టకూ మధ్య 27 సున్నల తేడా ఉందని కాగితం మీద రాసి చూపించాను. సున్నలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.