మూతపడని కన్ను

డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున, పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించబోతే ఎడమ పక్క నుంచి జాకెట్టు మీదికి కారిపోయాయి. ముందు రోజు నుంచి చెవి వెనక సలుపుగా ఉంది, చలిగాలి తగిలిందిలే అనుకున్నాను. అద్దంలో చూస్తే మూతి కుడివైపుకి లాగేసి ఉంది. మా ఆయన నన్ను చూసి గుమ్మంలోనే కూలబడిపోయారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడంతా మా చుట్టాలే. అరగంటలో వాళ్ళందరికీ తెలిసిపోయింది. పావురం రక్తం రాయమని ఒకరు, గాలి సోకిందని ఒకరు. మా ఆయన ఎవరి మాటా వినకుండా బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పని ఆయన ఆ పూటే చేసినందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

డాక్టరుగారు ఒడియా ఆయన. చేతులు ఎత్తమన్నారు, నడిపించి చూశారు, నుదురు ముడతలు పెట్టమన్నారు. "ఆఖి బుజంతు" అన్నారు. రెండు కళ్ళూ మూసుకున్నాననే అనుకున్నాను. కాని ఎడమ రెప్ప దిగలేదట, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపించిందట. మెదడులో వచ్చే పక్షవాతమైతే మామూలుగా నుదురు కదులుతుందని, నాకు నుదురు కూడా సగం కదలడం లేదు కాబట్టి ఇది ముఖానికి వెళ్ళే నరం వాచడమేనని చెప్పారు. బెల్స్ పాల్సీ అంటారు. ఆ నరం చెవి వెనక ఎముకలో సన్నని సందులోంచి వస్తుంది, వాస్తే నలిగిపోతుంది. మొదటి మూడు రోజుల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే మంచిదన్నారు. షుగర్ పరీక్ష చేయించి మాత్రలు రాశారు. కన్ను ఎండిపోకుండా పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు పెట్టి రెప్పకు టేపు. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గిపోతుందన్నారు.

ఆ మాటలు నాకు సగమే చెవికెక్కాయి. క్రిస్మస్‌కి రెండు వారాలే ఉంది.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా సంఘంలో పొద్దున తెలుగు ఆరాధన జరుగుతుంది, అక్కడ పాటలు పాడే బృందాన్ని, క్వయర్‌ని, పదకొండేళ్ళుగా నేనే నడిపించాను. తెల్ల చీర, నీలం అంచు, అందరికీ ఒకే తీరు జాకెట్టు. కుచ్చిళ్ళు సరిగా లేకపోతే గుమ్మం దగ్గరే ఆపి సర్దేదాన్ని. దేవుని సన్నిధికి శుభ్రంగా రావడం తప్పని ఇప్పుడూ అనను. కాని ముందు వరసలో ఎవరు నిలబడాలో నేను గొంతును బట్టి కాక ముఖాన్ని బట్టి నిర్ణయించేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇంకొకటి ఉంది. అంతకు ముందు ఏడాది బరంపురం వెళ్ళి పన్నెండు చీరలు కొన్నాను. పన్నెండోది ఒక పిల్లకి ఇవ్వాలి. చిన్నప్పుడు మరిగే గంజి మీద పడి, మెడ నుంచి ఎడమ భుజం దాకా కాలిన మచ్చ ఆ పిల్లకి. గొంతు మాత్రం మా అందరికంటే బాగుంటుంది. ఫోటోలు తీస్తారు, వీడియో పెడతారు అనుకుని, "చీరలు పదకొండే దొరికాయమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. "పర్లేదు పిన్నీ" అంది. చీర నా బీరువాలోనే ఉంది.

ఆ క్రిస్మస్‌కి నేను మంచం దిగలేదు. తిన్న అన్నం ఎడమ బుగ్గలో ఇరుక్కునేది, వేలితో తీసుకోవాలి. ఎడమ చెవికి చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపించేది, గిన్నె కింద పడితే ఒళ్ళు ఝల్లుమనేది. అన్నిటికంటే బాధ మాట. ప, బ, మ పెదవులు కలిస్తేనే పలుకుతాయి. నాకు ఆ అక్షరాలన్నీ గాలిలా జారిపోయేవి. "ప్రభువా" అనబోతే నోరు తిరిగేది కాదు. కృప, మహిమ, పరిశుద్ధత, ఇన్నేళ్ళూ మైకులో గట్టిగా పాడిన మాటలు ఒక్కటీ సరిగా రాలేదు. ఒక రాత్రి ఏడుస్తూ "తండ్రీ" అన్నాను. స్పష్టంగా వచ్చింది. ఆ మాటలో పెదవులతో పని లేదు. "యేసయ్యా" అన్నాను, అదీ వచ్చింది. ఆ రాత్రంతా ఆ రెండు మాటలతోనే ప్రార్థన చేశాను.

తర్వాత బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం తెరిచాను. బిడ్డ కోసం ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె నోరు చూసి తాగి ఉందనుకున్నాడు. ఆమె కన్న సమూయేలే పెద్దవాడై ప్రవక్త అయ్యాక, యెష్షయి కొడుకుల్లో ఒకరిని రాజుగా అభిషేకించడానికి వెళ్ళి, పెద్దవాడైన ఎలీయాబు ఎత్తు చూసి ఇతడే రాజు అనుకున్నాడు. పైరూపాన్ని చూసి పొరబడటం ఏలీకే కాదు, ప్రవక్తకూ తప్పలేదు. యెహోవా హృదయాన్ని లక్ష్యపెడతాడన్న మాట అక్కడే ఉంది. సండేస్కూల్లో ఆ వచనం నేను ఎందరు పిల్లలకు కంఠతా పట్టించానో. దేవుడు ఎంచుకున్న చిన్నకొడుకు దావీదు చూడ చక్కనివాడని కూడా అదే అధ్యాయంలో ఉంది. అందాన్ని దేవుడు కాదనలేదు, అందాన్ని చూసి ఎంచుకోలేదు, అంతే.

జనవరిలో ఒక ఆదివారం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. స్పీకర్ చప్పుడు పడక చెవిలో దూది పెట్టుకున్నాను. పాస్టరు అయ్యగారు "కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం" అన్నారు. నేను మూస్తే ఎడమ గుడ్డు తెల్లగా తిరుగుతుంది, పక్కన పిల్లలు జడుసుకుంటారని రెండు కళ్ళూ తెరిచే ఉంచాను. ప్రార్థన జరుగుతుండగా సంఘాన్ని చూడటం అదే మొదటిసారి.

ఆ పిల్ల నా ముందు బెంచీలోనే ఉంది. అందరూ కళ్ళు మూసుకోగానే మెడకు చుట్టుకున్న చున్నీ మెల్లగా విప్పి ఒళ్ళో పెట్టుకుంది. మచ్చ మీద చెమట తుడుచుకుంది. మెడ కొంచెం పైకెత్తి, గాలి తగిలేలా కూర్చుంది. అయ్యగారి గొంతు ముగింపుకి వస్తోందని తెలుస్తుండగానే చున్నీ మళ్ళీ చుట్టేసుకుంది. "ఆమేన్" అనేటప్పటికి ఏమీ జరగనట్టే ఉంది.

ఎవరూ చూడని ఆ రెండు మూడు నిమిషాలే ఆమె మెడకు గాలి తగిలేది. ఎన్ని ఆదివారాల నుంచి ఇలా చేస్తోందో. ఇంటికి వచ్చాక ఎడమ కంటి నుంచి నీళ్ళు ఆగలేదు. మా ఆయన చుక్కల మందు పడలేదేమో అన్నారు.

ఐదో వారంలో మూతి చివర సన్నగా అదిరింది. రోజూ అద్దం ముందు కనుబొమ్మలు ఎత్తడం, బుగ్గలు పూరించడం, మెల్లగా నవ్వడం చేశాను. మార్చికల్లా రెప్ప పూర్తిగా మూతపడింది. ఇప్పటికీ నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుంది, అది అలాగే ఉండొచ్చన్నారు.

రెప్ప మూతపడిన వారంలోనే వాళ్ళింటికి చీర తీసుకెళ్ళాను. వాళ్ళమ్మ ముందే చెప్పాను: చీరలు పన్నెండు దొరికాయి, నేను అబద్ధమాడాను, క్షమించమ్మా అని. ఆ పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. "నాకు గుర్తే లేదు పిన్నీ" అంది. తర్వాత తల వంచుకుని, "ఉంది" అంది.

ఈస్టర్ దగ్గర పడుతోంది. జాకెట్టుకి కొలతలు తీసుకుందామని టేపు తీశాను. మెడ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఏం అడగాలో నాకు తెలియలేదు. ఆ పిల్లే చున్నీ తీసి పక్కన పెట్టి, "మెడ అందరికీ ఎంత దించావో నాకూ అంతే దించు పిన్నీ" అంది.